పైత్యరసం ఆగితే పాడి ఆగినట్టే
కార్జం నుంచి పేగుకు, పేగు నుంచి మళ్లీ కార్జానికి... పశువు ఒంట్లో రోజంతా తిరిగే చేదు కథ

మేకనో, కోడినో, చేపనో కోసేటప్పుడు చెయ్యి తిరిగినవాళ్లు ఒక చిన్న తిత్తి విషయంలో మహా జాగ్రత్తగా ఉంటారు. కార్జానికి అంటుకుని ఆకుపచ్చగా కనబడే ఆ తిత్తే చేదుకట్టు. పుస్తకాల్లో దాన్నే పిత్తాశయం అంటారు. అది పగిలి నాలుగు చుక్కలు మాంసం మీద పడ్డాయా, కూరంతా చేదే. అందుకే ముందు దాన్ని కోసి దూరంగా పారేస్తారు.

కోసేవాడికి పనికిరాని ఆ చేదు, బతికున్న గొడ్డుకు మాత్రం ప్రాణాధారం. దాని పేరే పైత్యరసం. అది సరిగా పారకపోతే తిన్న మేతలోని కొవ్వు ఒంటికి పట్టదు. ఒంట్లో విషం బయటికి పోదు. పాలు తగ్గుతాయి, కళ్లు పచ్చబడతాయి, ఎండకు చర్మం ఊడిపోతుంది. అడవి అంచు గ్రామాల్లో లంటానా కంప తిని చచ్చే పశువులకూ, కాలువల కింద జలగ వ్యాధితో చిక్కిపోయే గేదెలకూ మూలం ఈ పైత్యరసం దారిలోనే ఉంది. ఆ దారి ఎలా సాగుతుందో తెలిస్తే డాక్టరు గారు చెప్పే మందు ఎందుకో, ఎప్పుడు వేయాలో రైతుకే అర్థమవుతుంది.

కుంకుడు రసం లాంటిదే

నువ్వుల నూనె పోసిన గిన్నెను ఉత్త నీళ్లతో ఎంత కడిగినా జిడ్డు వదలదు. కాస్త కుంకుడు రసం పోసి రుద్దితే వదులుతుంది. కుంకుడు రసంలోని పదార్థానికి ఒక గుణముంది. దాని ఒక కొస నూనెను పట్టుకుంటుంది, రెండో కొస నీటిని పట్టుకుంటుంది. దాంతో జిడ్డు చిన్న చిన్న బిందువులుగా విడిపోయి నీళ్లలో కలిసిపోతుంది.

పేగులో పైత్యరసం చేసేది సరిగ్గా ఈ పనే. అందులో ఉండే పైత్య ఆమ్లాలు, వాటి లవణాలు కొవ్వును నలిపి సన్నని బిందువులుగా చేస్తాయి. అప్పుడు క్లోమం నుంచి వచ్చే రసం ఆ కొవ్వును విడగొట్టగలుగుతుంది. విడిపోయిన కొవ్వును పేగు గోడ దాకా మోసుకుపోయేదీ ఈ పైత్య ఆమ్లాలే. ఎ, డి, ఇ, కె విటమిన్లు కొవ్వులో కరిగేవి కాబట్టి అవి ఒంటికి పట్టాలన్నా పైత్యరసమే దిక్కు.

నెమరువేసే పశువుకు గడ్డిలో కొవ్వెక్కడిది అని అడగవచ్చు. పచ్చిగడ్డిలో కొద్దిగా ఉంటుంది. పత్తిగింజల్లో, తవుడులో, చెక్కల్లో ఇంకా ఎక్కువ ఉంటుంది. ఇదంతా ముందు పెద్ద పొట్టలో నాని, అక్కడి సూక్ష్మజీవుల చేతిలో మారి, తర్వాత చిన్నపేగులోకి దిగుతుంది. అక్కడ దాన్ని ఒంటికి పట్టించే భారం పైత్యరసం మీద పడుతుంది. పాలలో వెన్న కొంత పొట్టలో పీచు పులిసినప్పుడు పుట్టే ఆమ్లాల నుంచి తయారవుతుంది. మిగతాది ఇలా పేగు నుంచి రక్తంలోకి ఎక్కిన కొవ్వు నుంచి వస్తుంది.

మూడు క్యాన్లు, పది ట్రిప్పులు

పైత్య ఆమ్లాలను తయారుచేసేది కార్జం. కొలెస్ట్రాల్ అనే పదార్థాన్ని తీసుకుని దాన్ని మార్చి వీటిని చేస్తుంది. ఇది ఖర్చుతో కూడిన పని. అందుకని ఒకసారి చేసినదాన్ని పేడలో పారేసుకోకుండా మళ్లీ మళ్లీ వాడుకునే ఏర్పాటు ఒంట్లో ఉంది.

పాల సేకరణ కేంద్రాన్ని తీసుకోండి. రోజుకు ముప్పై క్యాన్ల పాలు మోయాలంటే ముప్పై క్యాన్లు కొనక్కరలేదు. మూడు క్యాన్లు పెట్టుకుని పది ట్రిప్పులు తిప్పితే సరిపోతుంది. పాలు దింపాక ఖాళీ క్యాన్ వెనక్కి రావాలి, అంతే. ఎప్పుడైనా ఒకటి పోతే దాని బదులు కొత్తది కొంటారు.

మనిషి ఒంట్లో లెక్కలు బాగా తేలాయి కాబట్టి ఆ అంకెలే చూద్దాం. ఒక మనిషి ఒంట్లో ఏ సమయంలో చూసినా ఉండే పైత్య ఆమ్లాలు మొత్తం మూడు గ్రాముల దరిదాపు. అవి రోజుకు ఆరు నుంచి పది సార్లు కార్జానికీ పేగుకూ మధ్య తిరుగుతాయి. అంటే మూడు గ్రాముల సరుకుతో ఇరవై, ముప్పై గ్రాముల పని నడుస్తుంది. ప్రతి తిరుగుడులో నూటికి 95 పాళ్లకు పైగా వెనక్కి వస్తుంది. రోజు మొత్తం మీద మలంలో పోయేది సుమారు అర గ్రాము. ఆ అర గ్రామును కార్జం కొత్తగా చేసి లోటు పూడ్చుకుంటుంది.

వెళ్లే దారి, వచ్చే దారి

వెళ్లే దారి ఇలా ఉంటుంది. కార్జంలోని కణాల మధ్య వెంట్రుక కన్నా సన్నని కాలువలుంటాయి. పైత్యరసం ముందు వాటిలోకి ఊరుతుంది. అవి కలిసి పిల్లకాలువలు, పిల్లకాలువలు కలిసి పెద్ద నాళం అవుతాయి. ఆ నాళం చిన్నపేగు మొదటి భాగంలో తెరుచుకుంటుంది. మధ్యలో పక్కకు చీలిన పాయలాంటిదే చేదుకట్టు. మేత లేనప్పుడు రసాన్ని నిల్వచేసి, నీటిని పీల్చి చిక్కబరుస్తుంది. కొవ్వుతో కూడిన ఆహారం పేగులోకి దిగగానే ముడుచుకుని రసాన్ని వదులుతుంది.

అన్ని జంతువులకూ చేదుకట్టు ఉండదు. ఆవు, గేదె, గొర్రె, మేక, పంది, కుక్క, కోడికి ఉంది. గుర్రానికి లేదు, ఒంటెకు లేదు, పావురానికి లేదు, ఎలుకకు కూడా లేదు. లేనివాటిలో రసం నిల్వ ఉండకుండా ఊరింది ఊరినట్టే పేగులోకి జారుతుంది.

ఇక వచ్చే దారి. పేగులోకి దిగిన పైత్య ఆమ్లాలు కొవ్వుతో కలిసి చిన్నపేగు పొడవునా ప్రయాణిస్తాయి. పని పూర్తయ్యేదాకా వీటిని పేగు ఎక్కువగా పీల్చుకోదు. చిన్నపేగు చివరి భాగంలో మాత్రం వీటిని ఏరి పట్టుకునే ప్రత్యేకమైన ఏర్పాటుంది. అక్కడి కణాలు వీటిని లోపలికి లాగి రక్తంలోకి వదులుతాయి. పేగు నుంచి బయల్దేరే రక్తం నేరుగా గుండెకు పోదు. నిర్వాహక సిర అనే పెద్ద నాళం ద్వారా ముందు కార్జానికి పోతుంది. కార్జం ఆ రక్తంలోంచి పైత్య ఆమ్లాలను జల్లెడ పట్టి తీసుకుని మళ్లీ పైత్యరసంలోకి పంపుతుంది. చక్రం మొదటికి వచ్చింది.

తప్పించుకుని పెద్దపేగులోకి పోయినవాటిని అక్కడి సూక్ష్మజీవులు మార్చేస్తాయి. అలా మారినవాటిలోనూ కొన్ని తిరిగి రక్తంలోకి ఎక్కుతాయి. మిగతావి బయటికి పోతాయి.

ఎంత వెనక్కి వస్తోందో చూసుకుని కార్జం కొత్తగా ఎంత చేయాలో నిర్ణయించుకుంటుంది. ఎక్కువ వస్తే తయారీ తగ్గిస్తుంది, తక్కువ వస్తే పెంచుతుంది. ఈ లెక్క చూసే గుమాస్తాలాంటి పదార్థం కణాల్లో ఉందని 1999లో శాస్త్రవేత్తలు కనిపెట్టారు.

ఈ చక్రం సంగతి కొత్తది కాదు. జర్మనీలో పుట్టిన శాస్త్రవేత్త మోరిట్జ్ షిఫ్ 1870లోనే కుక్కల మీద పరీక్షలు చేసి, పేగులోకి పంపిన పైత్యరసం తిరిగి కార్జానికి చేరి మళ్లీ ఊరుతుందని చూపించారు. పైత్య ఆమ్లాల నిర్మాణం మీద పనిచేసిన హైన్రిక్ వీలాండ్‌కు 1927 సంవత్సరపు రసాయనశాస్త్ర నోబెల్ బహుమతి దక్కింది.

విషాన్ని మోసుకుపోయే కాలువ కూడా ఇదే

పైత్యరసం పని కొవ్వును అరిగించడంతో అయిపోదు. ఒంట్లో వయసు మళ్లిన ఎర్ర రక్తకణాలు విరిగినప్పుడు పచ్చని రంగు పదార్థం పుడుతుంది. దాన్ని కార్జం పైత్యరసంలో కలిపి పేగులోకి నెడుతుంది. దారి మూసుకుపోతే ఆ పసుపు రక్తంలోనే మిగిలి కళ్లు, చిగుళ్లు, మూత్రం పచ్చబడతాయి. దాన్నే కామెర్లు అంటున్నాం.

పచ్చిమేత తినే పశువుల్లో దీనితోపాటు ఇంకో చెత్త కూడా పుడుతుంది. ఆకులోని పచ్చదనాన్ని పెద్ద పొట్టలోని సూక్ష్మజీవులు విరగ్గొట్టి ఫిల్లోఎరిథ్రిన్ అనే పదార్థాన్ని తయారుచేస్తాయి. ఇందులో కొంత రక్తంలోకి ఎక్కుతుంది. మామూలుగా కార్జం దాన్ని వెంటనే పట్టి పైత్యరసంలో బయటికి పంపేస్తుంది, కాబట్టి ఏ ఇబ్బందీ ఉండదు. పైత్యరసం ఆగిందంటే మాత్రం ఇది రక్తంతో చర్మానికి చేరుతుంది. దీనికి ఎండ తగిలితే చర్మం లోపలినుంచి కాలినట్టవుతుంది.

లంటానా తింటే జరిగేది ఇదే

లంటానా మన మొక్క కాదు. దక్షిణ, మధ్య అమెరికాల నుంచి వచ్చింది. పూల అందం కోసం 1800ల తొలి ఏళ్లలో మన దేశానికి తెచ్చారు. ఒకే గుత్తిలో పసుపు, నారింజ, గులాబీ రంగుల పూలు, గరుకు ఆకు, నలిపితే ఘాటు వాసన, నల్లని చిన్న పండ్లు దీని గుర్తులు. ఇవాళ తూర్పు కనుమల అడవి అంచుల్లో, బీడుల్లో, పొలం గట్ల మీద కంచెలా అల్లుకుపోయింది.

స్థానికంగా పుట్టి పెరిగిన పశువు దీన్ని సాధారణంగా ముట్టదు. కరువులో మేత దొరకనప్పుడు, కొత్త ప్రాంతం నుంచి కొని తెచ్చినప్పుడు, దూరం నుంచి తోలుకొచ్చిన ఆకలిగొన్న మందకు మాత్రం ప్రమాదం. ఆకులోని విషం రక్తంలోకి ఎక్కి కార్జానికి చేరి, ఆ వెంట్రుక సన్నని కాలువల్లోకి పైత్యరసం ఊరకుండా చేస్తుంది. చక్రం అక్కడే నిలిచిపోతుంది.

మొదట పశువు మేత ముట్టదు. నెమరు ఆగుతుంది. పేడ గట్టిపడుతుంది. ఒకటి రెండు రోజుల్లో కళ్లు, మూత్రం పచ్చబడతాయి. నీడ కోసం వెతుకుతుంది. ముట్టె, చెవులు, పొదుగు, చనుమొనలు ఎర్రబడి వాచి పగులుతాయి. తెలుపు నలుపు మచ్చల సంకర జాతి ఆవులో ఒక గుర్తు స్పష్టంగా కనబడుతుంది. తెల్ల మచ్చ ఉన్నంత మేర చర్మం వాచి అట్టకట్టి ఊడుతుంది, పక్కనే నల్లమచ్చ మీద చర్మం చెక్కుచెదరదు. నల్లరంగు ఎండను లోపలికి పోనివ్వదు, అందుకే ఆ తేడా. గేదెకు ఒళ్లంతా నలుపు కాబట్టి చర్మం మీద గుర్తులు ఆలస్యంగా తెలుస్తాయి. అలాగని విషం ఎక్కలేదని అనుకోకూడదు. కళ్లు, మూత్రం చూడాలి.

ఇక్కడే చాలామంది పొరబడతారు. చర్మం ఊడుతోంది కదా అని గజ్జి మందు రాస్తారు. పేడ పడటం లేదు కదా అని లీటర్ల కొద్దీ నూనె పట్టిస్తారు. పైత్యరసమే లేని పేగులో నూనె అరగదు. పైగా నీరసించిన పశువుకు తల ఎత్తిపట్టి గొట్టంతో పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోయి ప్రాణం మీదికి వస్తుంది.

చేయవలసింది వేరే ఉంది. ముందు పశువును నీడలోకి, వీలైతే చీకటి కొట్టంలోకి మార్చాలి. పచ్చిమేత ఆపి ఎండుగడ్డి, నీళ్లు పెట్టాలి. పచ్చిమేత ఆపితే ఫిల్లోఎరిథ్రిన్ తయారీ తగ్గుతుంది. వెంటనే పశువైద్యుడిని పిలవాలి. కార్జం దెబ్బతినడంతో పెద్ద పొట్ట కదలిక కూడా ఆగిపోతుంది. తిన్న లంటానా అందులోనే రోజుల తరబడి ఉండి, కొద్దికొద్దిగా విషం ఎక్కుతూనే ఉంటుంది. అందుకే తిని రెండు మూడు రోజులైనా వైద్యం వృథా కాదు. యాక్టివేటెడ్ చార్‌కోల్ అనే ప్రత్యేకమైన బొగ్గుపొడిని నీళ్లలో కలిపి డాక్టరు గొట్టం ద్వారా పొట్టలోకి పంపుతారు. అది విషాన్ని పట్టుకుని పేడలో బయటికి తెస్తుంది. పెద్ద పశువుకు రెండు కిలోలకు పైగానే అవసరమవుతుంది. పొయ్యిలోని కట్టెబొగ్గు దంచి పోస్తే ఆ పని జరగదు. ఆస్ట్రేలియాలో 1991లో వెలువడిన పరిశోధనలో బెంటోనైట్ అనే చవక మట్టి కూడా పనిచేసింది. పశువులు బొగ్గుతో కోలుకున్నంత త్వరగా కోలుకోకపోయినా బతికాయి.

పల్లేరుకూ ఇదే చరిత్ర

దక్షిణాఫ్రికాలోని కరూ మెట్ట ప్రాంతంలో గొర్రెలకు ముఖం వాచి, ఒళ్లు పచ్చబడే జబ్బు వస్తుంది. అక్కడివాళ్లు దాన్ని గీల్‌డిక్‌కాప్ అంటారు. ‘పచ్చని లావు తల’ అని అర్థం. వాడిపోయిన పల్లేరు మొక్క ఎక్కువగా మేసిన గొర్రెలకు ఇది వస్తుంది. మన చేలగట్ల మీద కాలికి గుచ్చుకునే పల్లేరే అది. అందులో కుంకుడు రసంలో నురగ తెప్పించే జాతి పదార్థాలే ఉంటాయి. అవి కార్జంలో మారి, పైత్య నాళాల్లో సన్నని స్ఫటికాలుగా పేరుకుని దారిని అడ్డుకుంటాయి. ఆ గొర్రెల చర్మాన్ని కాల్చేది ఫిల్లోఎరిథ్రినేనని రిమింగ్టన్, క్విన్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు 1934లో అక్కడే తేల్చారు. కంప వేరు, దేశం వేరు, దెబ్బతినే దారి మాత్రం ఒకటే.

పైత్య నాళంలో కాపురముండే జలగ

కాలువలు, చెరువుల కింద పశువులు పెంచేవారికి కార్జపు జలగ పరిచయమే. ఆకులాగా చదునుగా ఉండే ఈ పురుగు బతుకంతా పైత్యరసంతోనే ముడిపడి ఉంది.

నీటి అంచున గడ్డికి, వరి దుబ్బులకు అంటుకుని దీని తిత్తులుంటాయి. గొడ్డు మేతతోపాటు వాటిని మింగుతుంది. చిన్నపేగులోకి రాగానే పైత్యరసం తగిలి తిత్తి విచ్చుకుంటుంది. పిల్ల జలగ పేగు గోడను తొలుచుకుని కడుపు ఖాళీలోకి, అక్కడినుంచి కార్జంలోకి చొరబడుతుంది. కొన్ని వారాలపాటు కార్జాన్ని తొలుస్తూ తిరిగి చివరకు పైత్య నాళాల్లో స్థిరపడుతుంది. అక్కడే గుడ్లు పెడుతుంది. ఆ గుడ్లు పైత్యరసంలో కొట్టుకొచ్చి పేగులోకి, పేడలోకి చేరతాయి. పేడ నీళ్లలో పడితే గుడ్డు పగిలి పిల్ల బయటికొస్తుంది. అది నత్తలోకి దూరి పెరిగి, మళ్లీ గడ్డికి అంటుకుంటుంది.

మన ప్రాంతపు జలగ రకం గుడ్లు పెట్టే దశకు రావడానికి మూడు నెలలకు పైగా పడుతుంది. ఈలోగా పేడ పరీక్ష చేయిస్తే గుడ్లు కనబడవు. గుడ్లు లేవు కాబట్టి జలగ లేదని అనుకోకూడదు. పెద్ద జలగలు ఉన్నప్పుడు కూడా గుడ్లు అన్ని రోజులూ ఒకేలా పడవు. అనుమానం ఉంటే రెండోసారి పరీక్ష చేయించాలి.

చిక్కిపోవడం, కనురెప్పల లోపలి భాగం పాలిపోవడం, దవడ కింద నీటి సంచిలా వాపు, విడవని పారుడు, పాలు తగ్గడం దీని లక్షణాలు. దవడ కింద వాపు మరికొన్ని పురుగుల వల్ల కూడా వస్తుంది కాబట్టి పరీక్ష తప్పనిసరి. గొర్రెల్లో ఒకేసారి వందల పిల్ల జలగలు కార్జాన్ని తొలిస్తే ఏ గుర్తూ లేకుండానే చచ్చిపోతాయి.

మందు ఎంపికలోనూ ఈ దారే కీలకం. ఆక్సీక్లోజనైడ్ లాంటి మందు కార్జానికి చేరి పైత్యరసంలోకి వస్తుంది. కాబట్టి నాళాల్లో ఉన్న పెద్ద జలగలను చంపుతుంది. కార్జం కండలో తిరిగే పిల్ల జలగల మీద దాని ప్రభావం తక్కువ. ఈ మందు వేశాక ఒకటి రెండు రోజులు పేడ పలచబడవచ్చు, కంగారు పడనక్కరలేదు. ట్రైక్లాబెండజోల్ పిల్ల జలగలను కూడా చంపుతుంది. ఏ కాలంలో ఏది వేయాలో, బరువును బట్టి ఎంత వేయాలో డాక్టరును అడిగి వేయించాలి. చూడి పశువు అయితే ముందే చెప్పాలి. మందు వేశాక ఎన్ని రోజులు పాలు వాడకూడదో సీసా మీద ఉంటుంది, దాన్ని పాటించాలి.

కొన్ని నట్టల మందులు కూడా పైత్య ఆమ్లాల మాదిరే కార్జానికీ పేగుకూ మధ్య తిరుగుతాయి. మందుకు ముందురోజు మేత తగ్గించిన గొర్రెల్లో పేగు నడక నెమ్మదించి, మందు ఎక్కువసేపు లోపల నిలిచి బాగా పనిచేస్తుందని పరిశోధనల్లో తేలింది. కానీ చూడి గొర్రెలను, నీరసంగా ఉన్నవాటిని ఇలా పస్తు పెట్టకూడదు.

చేదుకట్టు చూసి తెలుసుకునేవి

రోజంతా మేస్తూ నెమరువేసే పశువులో పైత్యరసం ఆగకుండా దిగుతుంటుంది. మేత మానేసిన పశువులో అది చేదుకట్టులోనే నిండిపోతుంది. అందుకే పస్తులుండి చచ్చిన పశువును కోసి చూస్తే చేదుకట్టు ఉబ్బి కనబడుతుంది. పచ్చి కార్జం కోసినప్పుడు నాళాలు గట్టిపడి, లోపల ఆకుల్లాంటి పురుగులు కనబడితే ఆ మంద మొత్తానికి జలగ ఉందనే అర్థం. గొర్రెల కాపరులు ఈ సంగతిని ఊరకే వదిలేయకుండా ఆస్పత్రికి చెప్పాలి.

పెరటి కోడి ఆకుపచ్చ రెట్ట వేస్తే అందులో రంగు ఎక్కువగా పైత్యరసానిదే. మేత తినని కోడి పేగులో రసం ఒక్కటే దిగి అలా కనబడుతుంది. కొక్కెర తెగులులో కూడా ఇది కనబడుతుంది. కాబట్టి పచ్చరెట్టతోపాటు మెడ వంకర, గురక, వరస చావులు ఉంటే వెంటనే పశువైద్యుడికి చెప్పి, బాగున్నవాటిని వేరుచేయాలి.

ఎద్దుల చేదుకట్టులో కొన్నిసార్లు గట్టిపడిన రాళ్లు దొరుకుతాయి. ఆయుర్వేదంలో వాడే గోరోచనం అదే. పశువుకు మాత్రం అది ఆరోగ్య లక్షణం కాదు, పైత్యరసం పేరుకుపోయిన గుర్తు.

బూజు పట్టిన వేరుశనగ చెక్క కూడా కార్జానికి శత్రువే. అందులోని అఫ్లాటాక్సిన్ కార్జాన్ని, పైత్య నాళాలను దెబ్బతీస్తుంది. 1960లో ఇంగ్లండులో బ్రెజిల్ నుంచి వచ్చిన వేరుశనగ పిండి తిని సీమకోళ్లు పెద్ద ఎత్తున చనిపోయాకే ఈ విషం సంగతి లోకానికి తెలిసింది. చెడిన చెక్క చవకగా వచ్చిందని పశువుకు పెట్టకండి.

మన ఒంటికీ ఇదే లెక్క

మనిషిలో చిన్నపేగు చివరి భాగం జబ్బుపడినా, ఆపరేషన్‌లో తీసేసినా పైత్య ఆమ్లాలు వెనక్కి రాక పెద్దపేగులోకి పోతాయి. అక్కడ నీటిని లాగి విరేచనాలు కలిగిస్తాయి. పప్పుల్లో, కొన్ని ధాన్యాల్లో ఉండే కరిగే పీచు పైత్య ఆమ్లాలను కొంత పట్టుకుని బయటికి పంపుతుంది. ఆ లోటు పూడ్చుకోవడానికి కార్జం రక్తంలోని కొలెస్ట్రాల్‌ను వాడుకుంటుంది. పీచు ఉన్న తిండి గుండెకు మంచిదనడానికి ఒక కారణం ఇదే. ఇక కామెర్లు అనగానే పసరు మందుకు పరుగెత్తకుండా, దారి ఎక్కడ మూసుకుందో ఆస్పత్రిలో తేల్చుకోవాలి. వైరస్ వల్ల వచ్చిన కామెర్లు వేరు, నాళంలో రాయి అడ్డుపడి వచ్చినవి వేరు.

రైతులు గుర్తుంచుకోవలసినవి

* పశువు కళ్లు, మూత్రం పచ్చబడి, తెల్లచర్మం వాస్తే అది చర్మరోగం కాదు. పైత్యరసం ఆగిందని అనుమానించాలి. ముందు నీడ, తర్వాత డాక్టరు.

* కొత్తగా కొని తెచ్చిన పశువును ఆకలితో బీడుకు తోలకండి. ముందు కొంత ఎండుగడ్డి వేసి పంపండి. దొడ్డి చుట్టూ ఉన్న లంటానాను వేళ్లతో సహా పీకి వేయండి. కొట్టిన కొమ్మలను పశువులకు అందుబాటులో పడేయకండి.

* వానాకాలం చివర నీరు తీస్తున్న చెరువు అంచుల్లో, కాలువ గట్ల మీద మేపడం తగ్గించండి. వీలైతే గడ్డి కోసి బాగా ఎండబెట్టి వేయండి. బాగా ఎండిన గడ్డిలో జలగ తిత్తులు ఎక్కువ కాలం బతకవు. నత్తలను తినే బాతులు ఉంటే మేలు.

* జలగ మందు ఒక్క గొడ్డుకు వేసి ఊరుకోకండి. కలిసి మేసేవాటన్నిటికీ ఒకేసారి వేయించండి.

* మేత మొత్తంలో నూనె పాలు మితిమీరితే పెద్ద పొట్టలో పీచు పులవడం దెబ్బతింటుంది. ఎండు లెక్కన నూటికి ఆరేడు పాళ్లు దాటకూడదు. వెన్న పెరుగుతుందని పత్తిగింజలు మితి లేకుండా పెట్టకండి.

* పశువు లేవలేని స్థితిలో ఉంటే 1962 నంబరుకు ఫోన్ చేసి సంచార పశువైద్య వాహనాన్ని పిలవండి. ఎప్పటినుంచి మేత మానిందో, ఎక్కడ మేసిందో, చివరిసారి ఏ నట్టల మందు వేశారో చెప్పగలిగితే వైద్యం సగం తేలికవుతుంది.

ఒకే గేదె ఉన్న ఇంట్లో ఆ గేదె పాలే నెల ఖర్చు. రోజూ పితికేటప్పుడు కనురెప్ప ఒకసారి తిప్పి చూడటానికి, మూత్రం రంగు గమనించడానికి నిమిషం పట్టదు. పచ్చబడ్డ కన్ను మొదటి రోజే కనబడితే పశువు దక్కే అవకాశం ఎక్కువ. వారం తర్వాత చర్మం ఊడాక చూస్తే డాక్టరు చేతిలో కూడా పెద్దగా ఏమీ మిగలదు.